అడుగున బిరడా ఉన్న కారు

పోయిన నెల మా తమ్ముడి మనవరాలి పెళ్ళి ప్రధానం పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక హోటల్లో జరిగింది. నన్ను పిలిచింది ముందు రోజు సాయంత్రం, ఫోన్లో. ఈ సంగతి ఇక్కడ రాయక్కర్లేదని మా తమ్ముడు అంటాడు. రాయాలి. వియ్యాలవారి చుట్టాలకి వారం ముందే కార్డులు వెళ్ళాయి. పెళ్ళికూతురి తాతకి తోబుట్టువునంటూ ఉన్నది నేనొక్కదాన్నే, నాకు ఫోను. అయినా వెళ్ళాను. మా బాంబూఫ్లాట్‌లో పొద్దుటి బోటెక్కి, పట్టుచీరకి ఉప్పునీటి తుంపర తగలకుండా తువ్వాలు కప్పుకుని, ఫీనిక్స్ బేలో దిగి, ఆటోవాడితో తగవు పడి మరీ వెళ్ళాను.

హోటలు గుమ్మం పక్కన రేకుల పందిరి. దాని కింద చుట్టూ ఎర్రతాడు కట్టి ఒక పాత కారుని నిలబెట్టారు. పిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. నేను ముందు చూసింది కారుని కాదు, దాని తలుపు లోపలి చెక్కని. పడౌక్ చెక్క. ఎన్నేళ్ళయినా నెత్తురు కలిపినట్టుండే ఆ ఎరుపు ఈ దీవుల చెట్టుకి తప్ప రాదు. ఏ కంపెనీ కూడా కారుకి పడౌక్ వెయ్యదు. వేసినవాడు ఒక్కడే.

పక్కన ఇత్తడి పలక మీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఒకప్పుడు ఈ దీవుల్లో పెద్ద ఆఫీసరుగా పనిచేసిన ఫలానా సాబుగారు శిథిలమైపోయిన ఈ కారుని తీరిక వేళల్లో స్వయంగా తన చేతులతో బాగుచేశారట.

ఆయన చేతులు నాకు తెలుసు. గోళ్ళకింద మట్టి ఎరగని చేతులు.

మా నాన్న బోట్లు కట్టే షెడ్డులో వడ్రంగి. ఊళ్ళో అందరూ మేస్త్రీ అనేవారు. నాకు పదకొండేళ్ళప్పుడు హోప్ టౌన్‌లో సాబుగారి బంగళా కిటికీలు బాగుచెయ్యడానికి ఆయన్ని పిలిపించారు. మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకెళ్ళే పని నాది. బంగళా వెనక కూలిన షెడ్డులో ఆ కారుండేది. ఇంగ్లీషు దొర ఎవరో తెచ్చుకున్నాడట, జపాను వాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళు తిప్పారట, వాళ్ళు వెళ్ళాక కోళ్ళు కాపురం పెట్టాయి. పైన గుడ్డ టాపు పీలికలైంది. చెక్క భాగమంతా చెదలు తినేసింది. టైర్ల చోట గడ్డి మొలిచింది.

నాన్న అన్నం తిని చెయ్యి కడుక్కుని వెళ్ళి దాని మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సాబు వరండాలోంచి చూసి, "లే జావ్, మిస్త్రీ. చూల్హే మే జలా దో" అన్నాడు. తీసుకుపోయి పొయ్యిలో పెట్టుకోమని. ఆ మాట విన్నది నేనూ, నాన్నా, కోళ్ళూ. ఇప్పుడు మిగిలిన సాక్షిని నేను.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒక్కటే అంది.

"ఒక కాయితం మీద రాయించుకోండి."

"పొయ్యిలో ఎట్టుకోమన్నదానికి కాయితమేటే. సాబుగారి నోటిమాట సాలదా."

చాలలేదు. అది తర్వాత సంగతి.

కారుని హోప్ టౌన్ నుంచి మా పెరట్లోకి తేవడానికి శనివారమంతా పట్టింది. చక్రాలు తిరగవు. అందుకని బోటుని ఒడ్డుకి లాగినట్టే లాగారు. కింద కొబ్బరి దుంగలు పరిచి, తాళ్ళు కట్టి, మా చర్చి మగవాళ్ళు పదిమంది హైలెస్సా అంటూ లాగితే, వెనక దాటిపోయిన దుంగని పిల్లలం మోసుకొచ్చి మళ్ళీ ముందు పెట్టేవాళ్ళం. దారిలో కొట్టు ముందు కూర్చున్న ఒకడు నాన్నని, "మేస్త్రీ, సముద్రం అటేపు. ఇటు లాగుతున్నావేటి?" అని అడిగాడు. అందరూ నవ్వారు. వాడి కొట్లో మేము మళ్ళీ ఉప్పు కూడా కొనలేదు. నేనైతే ఈరోజుకీ కొనను. ఇప్పుడది వాడి మనవడు నడుపుతున్నాడు.

ఆ ఎండాకాలం మా పెరటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పడౌక్ పొట్టు వాసన, మట్టిమూకుడులో గర్జన్ చెట్టు నూనెతో కలిపి కాచే గుగ్గిలం వాసన, వాటి మధ్య మామ్మ వండే నెత్తళ్ళ పులుసు. మామ్మ మా నాన్నకి తల్లి. శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డున పుట్టి, పెళ్ళయ్యాక ఓడలో ఈ దీవికి వచ్చింది. పులుసులో కొబ్బరిపాలు పొయ్యడం ఇక్కడే నేర్చుకుంది. నేర్చుకున్నందుకు తనని తానే తిట్టుకునేది. పడౌక్ పొట్టు తడిస్తే ఎర్రరంగు దిగుతుంది. తమ్ముడూ నేనూ దాన్ని ముఖాలకి పూసుకుని, సీట్లు లేని కారులో కూర్చుని మద్రాసు దాకా డ్రైవింగు చేశాం. ఉతికిన దుప్పట్లకి ఆ రంగు అంటింది. అమ్మ నన్ను కొట్టింది. తమ్ముడిని కొట్టలేదు.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, రేవు దాటించే బోటులో ఇంజను పని చేసేవాడు. ఇంజను సంగతి ఆయన చూసుకున్నాడు. విప్పిన సామానంతా మా వంటింటి గిన్నెల్లో కిరసనాయిలు పోసి నానబెట్టాడు. అమ్మ మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. టైర్లు దొరికాయి గాని వాటి లోపలి ట్యూబులు ఈ దీవుల్లో లేవు. మామ్మ కొబ్బరిపీచు తడిపి తాడులా పేనితే, మేము టైర్లలో దట్టించాం. అమ్మ పాత తెరచాప గుడ్డతో సీట్లు కుట్టింది.

నాన్నది చెక్క పని. తలుపులు, చట్రం, అడుగు పలకలు. ఆయనకి తెలిసింది బోటు ఒక్కటే. మేకు వాడలేదు, అన్నీ కర్ర చీలలే. అడుగు పలకల సందుల్లో నూలుపోగు పెట్టి, ఉలి ఆనించి, కొయ్యసుత్తితో దట్టించి, పైన గుగ్గిలం పోసేవాడు. తలుపుల అంచులకీ గుగ్గిలంలో ముంచిన నూలు అంటించి బిగువుగా మూసుకునేలా చేశాడు. నూలు మామ్మ తొడ మీద పేనేది. దట్టించడం నాకు నేర్పాడు. తమ్ముడు అడిగితే నీకు ఓర్పు లేదు పొమ్మన్నాడు. అందుకే వాడికి నా మీద కడుపుమంట. నాన్న పక్కన కూర్చుని సుత్తి వేస్తుంటే, శబ్దం విని ఆయన చెప్పేవాడు, ఇక్కడ చాలు, అక్కడ ఇంకొంచెం అని. ఆ ఎండాకాలం నాకు వేరే సుఖమేదీ గుర్తులేదు.

మావయ్య చూసి, "బావా, ఏ కార్ హై, బోటు కాదు. దీనికి అడుగున సందులుంటే తప్పులేదు" అన్నాడు.

"నా సేతిలోంచి ఎల్లిన సెక్కలో నీరు దిగకూడదు. అది బోటయినా, బల్లయినా" అన్నాడు నాన్న.

టాపు ఇంకా కుట్టకముందే మొదటి వాన పడింది. తెల్లారి లేచి చూస్తే కారు నిండా సీట్ల అంచు దాకా నీళ్ళు. ఒక్క చుక్క కింద పడలేదు. తమ్ముడు అందులో కాగితప్పడవలు వదిలాడు. గోడ అవతలి నుంచి ఎవరో తెడ్డు కావాలా మేస్త్రీ అన్నారు. నాన్న గోడ వైపు చూడకుండా కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. పనిలో ఆయన అంత చిన్నబోవడం నేను ఎప్పుడూ చూడలేదు. మామ్మ మాత్రం మెట్టు మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఒరే, నీరు లోనికి రాకుండా సేసినావు. బైటికెల్లే దారేదిరా?"

నాన్న బరమా తెచ్చాడు. చిన్న పడవలకి ఉన్నట్టే వెనక సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట అడుగు పలకకి బొటనవేలంత కన్నం తొలిచాడు. పడౌక్ ముక్క చెక్కి బిరడా చేశాడు. ఆయన దానికి నూనె రాస్తుంటే నేను మేకు కొనతో దాని నెత్తి మీద నా పేరులోని మొదటి అక్షరం గీశాను. చూశాడు. అక్షరం మీద కూడా నూనె రాశాడు.

బండి నడిచేటప్పుడు కింద బురదనీళ్ళు లోపలికి రాకుండా బిరడా బిగించాలి. ఆగినప్పుడు తియ్యాలి. వాన పడితే వెంటనే తియ్యాలి. ఆ పని నాకు అప్పగించాడు. మా ఇంట్లో నాకంటూ ఇచ్చిన అధికారం అదొక్కటే.

టాపు కుట్టి, ఇంజను కదిలేసరికి ఆగస్టు దగ్గరపడింది. ఒక ఆదివారం కారు చర్చికి వెళ్ళింది. మావయ్య నడిపాడు. ముందు సీట్లో మామ్మ తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా కూర్చుంది. కొబ్బరిపీచు టైర్ల మీద బండి ఎంత మెల్లగా వెళ్ళిందంటే తమ్ముడు పక్కన నడుస్తూ వచ్చాడు. దారిలో సాబుగారి జీపు ఎదురైంది. జీపు ఆగింది. ఆయన దిగలేదు, మెడ తిప్పి మేము మలుపు తిరిగేదాకా చూశాడు.

రెండు రోజులకి బంట్రోతు వచ్చాడు. ఆగస్టు జెండా పండుగ ఊరేగింపులో సాబుగారు ఆ కారులో నిలబడి వెళ్తారట. ఒక్క రోజుకి కావాలట. పాలిష్ చేయించి, రంగు వేయించి తిరిగి పంపిస్తారట. పండుగ ఇంకా పది రోజులుండగానే వచ్చి తీసుకుపోయారు.

"ఇప్పుడైనా ఒక కాయితం అడగండి" అంది అమ్మ.

"పండగనాడు బండి అడిగితే కాయితం రాయమంటామేటే. మర్యాదేనా?"

పండుగ నాడు మా సండే స్కూలు పిల్లల్ని ఊరేగింపు చూడటానికి పోర్ట్‌బ్లెయిర్ తీసుకెళ్ళారు. నాన్నకి ఆరోజు షెడ్డులో డ్యూటీ. నేను బోటెక్కేటప్పుడు రేవు దాకా వచ్చి, "డ్రైవరుకి బిరడా సంగతి సెప్పు. వాన పడితే పీకీమను. మరిసిపోకు" అన్నాడు. ఆకాశం అప్పటికే నల్లగా ఉంది.

మరిచిపోలేదు. చెప్పడానికే వెళ్ళాను. మైదానం పక్కన కారు నిలబెట్టి ఉంది. కొత్త రంగు, బానెట్టు మీద కాగితప్పూలు. సాబు మద్రాసు నుంచి వచ్చిన ఇద్దరు అతిథులకి దాన్ని చూపిస్తున్నాడు. ఎక్కడ ఏ చెక్క వెయ్యాలో తానే బొమ్మ గీసి ఇచ్చానని చెబుతున్నాడు. చెక్క పని ఎవరిదని వాళ్ళు అడిగారు.

"థా కోయీ డోంగీవాలా. కీలే ఠోక్ దీ."

ఎవడో పడవలవాడు, మేకులు కొట్టాడు, అని. ఆ కారు చెక్కలో మేకన్నది ఒక్కటి లేదు.

డ్రైవరు నన్ను చూసి, "ఏ లడ్కీ, హట్" అన్నాడు, తప్పుకోమని. నేను అవతలి వైపుకి వెళ్ళి, వెనక తలుపు మీదుగా వంగి, చాప ఎత్తి చూశాను. బిరడా ఉంది. రాయి తీసుకుని రెండు దెబ్బలు వేశాను. శబ్దం విన్నాను. చాలు అనిపించాక చాప కప్పి వచ్చేశాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఊరేగింపు సగం దారిలో ఉండగా వాన దిగింది. అండమాన్ వాన తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సాబు నిలబడి సెల్యూట్ చెయ్యాలని టాపు ముందే మడిచేశారు. ముందు పోలీసు బ్యాండు, వెనక స్కూళ్ళు, మధ్యలో ఆగడానికి లేదు. నీళ్ళు ఆయన బూట్లు ముంచాయి. మేజోళ్ళు ముంచాయి. పూలదండ ఒకటి తేలి ఆయన పిక్కల చుట్టూ తిరిగింది. ఆయన సెల్యూట్ దించలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. డ్రైవరు కంగారుగా తలుపు తెరిచేసరికి నీళ్ళన్నీ ఒక్కసారి రోడ్డు మీదకి దూకాయి. ముందు స్కూలు పిల్లలు నవ్వారు. తర్వాత వాళ్ళ టీచర్లు. తర్వాత రోడ్డుకి రెండు వైపులా ఉన్నవాళ్ళంతా. నేను నవ్వలేదు. ఒక్క ముక్కయినా చూడకుండా పోతుందేమోనని కళ్ళు ఆర్పకుండా చూశాను.

కారు తిరిగి రాలేదు.

నాన్న మూడుసార్లు బంగళాకి వెళ్ళాడు. మూడోసారి గేటు తియ్యలేదు. ఇంటికొచ్చి నన్ను పిలిచి అడిగాడు.

"డ్రైవరుకి సెప్పినావా?"

"సెప్పనేదు."

"మరిసిపోయినావా?"

"నేదు."

నేను విన్న మాట ఆయనకి చెప్పాను, డోంగీవాలా అన్నది, మేకులు కొట్టాడన్నది. నాన్న విన్నాడు. నా చేతిలో కొయ్యసుత్తి ఉంది, దాన్ని తీసుకుని పెట్టెలో పెట్టాడు. తిట్టలేదు, కొట్టలేదు. మళ్ళీ ఎప్పుడూ నా చేతికి సుత్తి ఇవ్వలేదు.

మా ఇంట్లో తీర్పు ఆరోజే అయిపోయింది. ఒక్క రోజుకి అడిగిన పెద్దమనిషి, వానలో నగుబాటు కాకపోతే తిరిగి ఇచ్చేవాడే. పిల్ల పొగరు వల్ల కారు పోయింది. అమ్మ పోయేదాకా ఆ మాటే అంది. తమ్ముడు నాకు బిరడా అక్క అని పేరు పెట్టాడు. నా పెళ్ళిలో ఆ కథ మగపెళ్ళివారికి వాడే చెప్పాడు. నేను మాత్రం ఒకటే అనేదాన్ని. ఆయన ఎలాగూ ఇచ్చేవాడు కాదు. ఋజువేదని అడిగేవాళ్ళు. ఉండేది కాదు.

సాబు పేర నా మొదటి అర్జీ ఆ ఏడే రాశాను, రూళ్ళ కాగితం మీద, తెలుగులో. జవాబు రాలేదు. తర్వాత హిందీలో రాశాను, తర్వాత ఇంగ్లీషు నేర్చుకుని రాశాను. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయినా ఆఫీసుకి రాశాను. కారు ఎవరికో పోయింది, వాళ్ళ నుంచి ఇంకెవరికో. మా ఊళ్ళో నీళ్ళ కొళాయికి, బోటు ఆలస్యానికి అర్జీలు రాయాలంటే జనం నా దగ్గరికే వస్తారు. నా చెయ్యి తిరిగింది ఆ కారు మీద.

మళ్ళీ హోటలు దగ్గరికి వస్తాను. లోపల పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను బయటే ఉన్నాను. ఇత్తడి పలక పక్కన అద్దం బిగించిన పాత కాగితం ఒకటి కనబడింది. కళ్ళజోడు తుడిచి చదివాను. కారు రిజిస్ట్రేషను కాగితం. యజమాని సాబుగారు. సొంత పర్యవేక్షణలో బాగుచేయించుకున్నట్టు ఆయన సంతకం. కింద గుండ్రటి ముద్ర, ముద్రలో తేదీ.

ఆ తేదీ జెండా పండుగకి తొమ్మిది రోజుల ముందుది.

కారు మా పెరట్లోంచి వెళ్ళిన మర్నాడే దాన్ని ఆయన తన పేర రాయించుకున్నాడు. అప్పటికి వాన లేదు, ఊరేగింపు లేదు, నేను రాయి పట్టుకోలేదు.

నేను ఎర్రతాడు దాటాను. మేనేజరు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. మన తెలుగువాళ్ళ పిల్లాడే. "మామ్మా, అందర్ జానా మనా హై. తాడు దాటకూడదు" అన్నాడు. ముందు మీ పెద్దల్ని ఆ పలక మీద మా నాన్న పేరు రాయమను, తర్వాత తాడు సంగతి చూద్దాం అని వెనక తలుపు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, చాప ఎత్తాను. టైర్లు మార్చారు, సీట్లు మార్చారు. అడుగు పలకలు మాత్రం నాన్నవే. నా నూలు అలాగే ఉంది. బిరడా కూడా అలాగే ఉంది. అది దేనికో వాళ్ళకి తెలియదు గనక దాని జోలికి పోలేదు. ఊపి, తిప్పి, పీకాను. నెత్తి మీద నా అక్షరం.

తమ్ముణ్ణి బయటికి పిలిపించాను. ప్రధానం మధ్యలోంచి విసుక్కుంటూ వచ్చాడు. కాగితం చూపించి తేదీ చదవమన్నాను. చదివాడు. కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మళ్ళీ చదివాడు. వాడికీ డెబ్భై దాటాయి. 

"మరి పోయిన నాన్నకెవరు సెప్తారే?" అన్నాడు చివరికి.

"నువ్వే సెప్పు. ఇన్నాళ్ళూ నా మీద సెప్పిన నోటితోనే."

వాడు మళ్ళీ తేదీ వైపు చూశాడు. లోపలి నుంచి ఎవరో వచ్చి ఉంగరాలు మార్చే వేళయిందని పిలిచారు. తమ్ముడు నన్ను వదిలి వెళ్ళలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టాడు. ఆలస్యంగానే అయినా కూర్చున్నాను.

వచ్చేటప్పుడు హోటలు వాళ్ళ పుస్తకంలో అభిప్రాయం రాయమన్నారు. రెండు పేజీలు రాశాను, తెలుగులో. మేనేజరు కుర్రాడు పేజీ అటూ ఇటూ తిప్పి, తనకి తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదని, ఏం రాశారు మామ్మా అని అడిగాడు. నేర్చుకుని చదువుకో అన్నాను. ఇంగ్లీషులో అర్జీ వేరే పంపాను. జవాబు రాలేదు. రెండోది నిన్న పంపాను.

బిరడా ఇప్పుడు నా బల్ల మీద ఉంది. ఎత్తుకొచ్చానని హోటలు వాళ్ళు కేసు పెట్టుకోవచ్చు. కోర్టులో దాని మీద అక్షరం చూపిస్తాను. అక్షరం కింద రెండు చిన్న నొక్కులున్నాయి, రాయి దెబ్బలవి. దట్టింపు బాగుంది. నాన్న పక్కన ఉంటే శబ్దం విని ఇక చాలు అనేవాడు.